చీటీలో లేని మందు

శ్రీకాకుళం జిల్లాలో బీపీ బిళ్ళలో సుగర్ బిళ్ళలో వాడుతున్నవారి ఇంటికి వెళ్ళి చూడండి, ఆ బిళ్ళల పక్కనే ఇంకేదో ఒకటి ఉంటుంది. పాత హార్లిక్స్ సీసాలో పోసిన మెంతి గుండ కావచ్చు, సంతలో కొన్న వేరుముక్క కావచ్చు, కరోనా రోజుల్లో పెరటి గోడకు పాకించిన తిప్పతీగ కావచ్చు. నేను ఫార్మసిస్టుని. చీటీ చూసి మందులిచ్చే ఉద్యోగంలో చాలా ఏళ్ళుగా ఉన్నాను. ఈ గుండలూ వేళ్ళూ పారేయమని చెప్పడానికి ఈ వ్యాసం రాయటం లేదు. దగ్గు వస్తే మా ఇంట్లోనూ శొంఠి కషాయమే ముందు కాస్తాం. నేను చెప్పదలచుకున్నది ఒకటే. డాక్టరు రాసిన మందూ, ఇంట్లో మింగే ఆకుమందూ ఒకే శరీరంలోకి వెళుతున్నప్పుడు, ఆ రెండింటి సంగతీ తెలిసిన మనిషి కనీసం ఒక్కరైనా ఉండాలి. మన దగ్గర తరచు ఆ ఒక్కరు ఉండటం లేదు. డాక్టరుకు ఆకు సంగతి తెలియదు, పసరు పోసే ఆయనకు బిళ్ళ సంగతి తెలియదు, రెండూ మింగే మనిషికి అవి లోపల ఏం చేసుకుంటున్నాయో చెప్పే నాథుడు లేడు.

ఈ పరిస్థితికి మూలం, ఆకుమందుకు సైడ్ ఎఫెక్టులు ఉండవన్న నమ్మకం. వినడానికి అది ఆకుమందును గొప్ప చేస్తున్నట్టే ఉంటుంది, కానీ నాకు అది దాన్ని తక్కువ చేయడంగానే కనిపిస్తుంది. శరీరంలో ఏ మార్పూ తేలేని వస్తువుకు మాత్రమే హాని చేసే శక్తి ఉండదు. సర్పగంధ వేరు రక్తపోటును తగ్గిస్తుందని బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రాసి ప్రపంచానికి తెలియజేశారు. 1952లో ఆ వేరు నుంచి రిసర్పిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. ఏ గుణం వల్ల అది రక్తపోటును దించిందో, ఆ గుణం వల్లనే మోతాదు మించితే మనిషిని మగతలోకీ దిగులులోకీ కూడా నెట్టింది. ఇవాళ కోట్ల మంది మింగే మెట్‌ఫార్మిన్ పూర్వాపరాలు వెతికితే, యూరప్ పల్లెల్లో మధుమేహానికి వాడిన గలేగా అనే మొక్క దగ్గర తేలుతాం. మొక్కలో మందు ఉందని నమ్మేవారు, ఆ మందుకు మోతాదు ఉంటుందనీ, మరో మందుతో పేచీ ఉండవచ్చుననీ కూడా నమ్మక తప్పదు.

ఆ పేచీ ఎంత బలమైనదో చెప్పడానికి మన వంటింటి పోపుల పెట్టెలోనే సాక్ష్యం ఉంది. మిరియాలకూ పిప్పళ్ళకూ ఘాటునిచ్చే పదార్థం పేరు పిపెరిన్. జమ్మూలోని సి.ఎస్.ఐ.ఆర్. ప్రయోగశాలా, కాడిలా ఫార్మాస్యూటికల్స్ సంస్థా కలిసి రూపొందించిన రైసోరిన్ అనే క్షయ మందు 2009లో మార్కెట్లోకి వచ్చింది. మామూలుగా 450 మిల్లీగ్రాములు ఇచ్చే రిఫాంపిసిన్‌ను అందులో 200కు తగ్గించి, 10 మిల్లీగ్రాముల పిపెరిన్ చేర్చారు. ఆ కాస్త పిపెరిన్ తోడైతే సగం కంటే తక్కువ మందుతోనే పని జరుగుతుందన్నది దాని వెనుక ఉన్న ఆలోచన. ఇది మన దేశం గర్వించవలసిన పరిశోధనే. కానీ దీన్ని రెండో వైపు నుంచి కూడా చదవాలి. 10 మిల్లీగ్రాముల పిపెరిన్ ఒక మందు మోతాదునే మార్చగలిగితే, శొంఠి, పిప్పలి, మిరియాలు కలిపిన త్రికటు చూర్ణం రోజూ అరచెంచా మింగేవారి ఒంట్లో ఎంత మారుతుంది? అరచెంచాలో పిపెరిన్ అంతకంటే ఎక్కువే ఉంటుంది. మూర్ఛకు వాడే ఫినైటోయిన్ మట్టాన్ని మిరియాలు రక్తంలో పెంచుతాయని పరీక్షల్లో తేలింది. ఫినైటోయిన్‌కు సరిపోయే మోతాదుకూ, మించిపోయిన మోతాదుకూ మధ్య దూరం చాలా తక్కువ. మించితే మనిషి తూలుతాడు, కళ్ళు నిలకడగా నిలవవు, మాట ముద్దముద్దగా వస్తుంది. వారానికి ఒకసారి తాగే మిరియాల చారు గురించి నేను భయపెట్టడం లేదు. ఔషధంలా ప్రతిరోజూ చెంచాతో కొలుచుకుని మింగేదాని గురించి చెబుతున్నాను.

ఇది ఎలా జరుగుతుందో అర్థం కావాలంటే మడపం టోల్‌గేటును గుర్తు తెచ్చుకుంటే చాలు. మనం మింగిన మందుల్లో చాలావాటిని విడగొట్టి బయటకు పంపే ఎంజైములు కాలేయంలోనూ పేగు గోడల్లోనూ ఉంటాయి. కొన్ని మొక్కల్లోని పదార్థాలు ఆ గేట్లలో కొన్నింటిని మూసేస్తాయి, అప్పుడు మందు కదలక రక్తంలో పేరుకుపోతుంది. మరికొన్ని అదనపు గేట్లు తెరుస్తాయి, అప్పుడు మందు పని చేయకుండానే దాటిపోతుంది. మూసే రకానికి మనకు తెలిసిన ఉదాహరణ పంపరపనస. మూత్రపిండం మార్పిడి చేయించుకుని, కొత్త అవయవాన్ని శరీరం తిరస్కరించకుండా టాక్రోలిమస్ వాడేవారు ఆ పండు జోలికి పోకూడదు. తెరిచే రకంలో అందరికంటే పేరుమోసింది సెయింట్ జాన్స్ వర్ట్ అనే యూరప్ మొక్క. గుండె మార్పిడి చేయించుకున్న ఇద్దరు రోగులు దిగులు తగ్గడానికి దాన్ని వాడితే, టాక్రోలిమస్ లాంటి పనే చేసే సైక్లోస్పోరిన్ మట్టం పడిపోయి కొత్త గుండెను శరీరం తిరస్కరించడం మొదలుపెట్టిన సంగతి 2000లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఆ మొక్క మన కొండల్లో దొరకదు కానీ, దాని క్యాప్సూళ్ళు ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఆర్డరు పెడితే పల్లెకు కూడా వస్తున్నాయి.

ఇదంతా తెల్లవాళ్ళ వైద్యం మన వైద్యం మీద వేసే నింద అని కొందరు అనుకుంటారు. నేను ఒప్పుకోను. దేన్ని దేనితో కలపాలి, దేన్ని కలపకూడదు అన్న పట్టింపు ఆయుర్వేదంలో ఉన్నంతగా ఇంకెక్కడా ఉండదేమో. ఒకే చూర్ణాన్ని తేనెతో ఇస్తే ఒక పని, నేతితో ఇస్తే ఇంకో పని అంటూ అనుపానం చెబుతారు. ఏది తినకూడదో పథ్యం చెబుతారు. విరుద్ధాహారం అంటూ పొసగని జంటల జాబితాయే ఉంది. సరిగ్గా వాడితే విషం కూడా మేలైన ఔషధం అవుతుందనీ, సరిగ్గా వాడకపోతే ఔషధమే విషం అవుతుందనీ చరక సంహిత మొదటి అధ్యాయంలోనే ఉంది. నల్లజీడి, నాభి వంటి విషమూలికలను శుద్ధి చేయకుండా ముట్టుకోని వైద్యుల సంప్రదాయం అది. ఆ జాగ్రత్తను పక్కనపెట్టి, వాట్సాప్‌లో వచ్చిన చిట్కాను పరగడుపున మింగేసి, అదేమంటే మన పూర్వీకుల జ్ఞానం అనడం పూర్వీకులకు అన్యాయం చేయడమే.

నేను దగ్గర నుంచి చూసిన ఒక సంగతి చెబుతాను. నరసన్నపేట వైపు పల్లెనుంచి ఒక తాత నెలనెలా సుగర్ బిళ్ళలకు వచ్చేవాడు. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ రెండూ వాడేవాడు. కొన్నాళ్ళుగా తెల్లవారాక ఒళ్ళంతా చెమటలు పడుతున్నాయని, కాళ్ళూ చేతులూ వణికి కళ్ళు బైర్లు కమ్ముతున్నాయని చెప్పాడు. బిళ్ళలు కాక ఇంకేమైనా వాడుతున్నావా తాతా అని అడిగితే, "లేదు బావూ, ఇయ్యే" అన్నాడు. గుండలేవైనా మింగుతున్నావా అని మళ్ళీ అడిగాను. "గుండా? అది మందేటి బావూ, నేరేడు గింజలు గదా!" అన్నాడు. మర్నాడు కోడలి చేత ఆ డబ్బా తెప్పించాడు. మూతకు పసుపు మరకలున్న పాత స్టీలు డబ్బా, అందులోనే ఒక చెంచా, ముదురు గోధుమరంగు గుండ. నేరేడు గింజలతోపాటు ఎండబెట్టిన కాకరకాయ ముక్కలు, పొడపత్రి ఆకు కూడా కలిపి దంచామని కోడలు చెప్పింది. తెల్లారుతూనే రెండు చెంచాలు, అదీ గోపురంలా నిండుగా, మజ్జిగలో కలుపుకుని తాగుతాడట. తరవాత గ్లిమెపిరైడ్ బిళ్ళ వేసుకుని పొలానికి పోతాడు. పదింటికి గానీ చోడి అంబలి తాగడు.

ఇందులో ఏ ఒక్కటీ దానంతటది పెద్ద తప్పు కాదు. గ్లిమెపిరైడ్ క్లోమాన్ని పురికొల్పి ఇన్సులిన్ ఎక్కువగా విడుదలయ్యేట్టు చేస్తుంది. ఆహారం అందినా అందకపోయినా దాని పని అది చేసుకుపోతుంది. కాకర, పొడపత్రి కూడా చక్కెరను దించేవే. పైగా పొలం పని కండరాలకు చక్కెరను లాగుతుంది. నాలుగూ కలిసి ఖాళీ కడుపు మీద పడితే చక్కెర 70కి దిగువకు జారుతుంది. ఆ చెమటలు, ఆ వణుకు దాని గుర్తులే. తాత మాత్రం సుగర్ పెరిగి నీరసం వస్తోందనుకుని గుండను ఇంకో చెంచా పెంచుదామని ఆలోచిస్తున్నాడు. వృద్ధుల్లో, మూత్రపిండాల పని తగ్గినవారిలో ఈ జారుడు గంటల తరబడి కొనసాగవచ్చు, స్పృహ తప్పవచ్చు. గుండె దడకు ప్రొప్రనలాల్, అటెనలాల్ వంటివి వాడేవారికి వణుకూ దడా పైకి తెలియనే తెలియవు, చెమట ఒక్కటే గుర్తుగా మిగులుతుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఈ ప్రమాదం చాలా తక్కువ. గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్, గ్లిక్లజైడ్, ఇన్సులిన్ వాడేవారికి ఎక్కువ.

డబ్బా చూసిన డాక్టరు ఆ తాతను కేకలేయలేదు. ఉదయం చక్కెర కొన్నిరోజులు చూపించమని చెప్పి, గ్లిమెపిరైడ్ తగ్గించి, దాన్ని అంబలి తాగేముందు వేసుకోమన్నారు. గుండ మానకపోయినా ఫరవాలేదు గానీ, ప్రతిరోజూ చదునుగా కొలిచిన ఒకే ఒక్క చెంచా, అదీ తిండితోపాటు అన్నారు. చెమటలు ఆగిపోయాయి. ఇందులో ఆకుమందు ఓడిందీ లేదు, బిళ్ళ గెలిచిందీ లేదు. చీటీలో లేనిది చీటీలోకి ఎక్కింది, అంతే.

విజయనగరంలో ఉండే మా పిన్ని సంగతి దీనికి కాస్త భిన్నం. చిన్నప్పటి కీళ్ళజ్వరం వల్ల గుండె కవాటం పాడై, లోహపు కవాటం వేయించుకుంది. రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం ఎసిట్రోమ్ వాడాలి. ఆ మందు పనిచేసేది విటమిన్ కె కు అడ్డుపడటం ద్వారా. ముదురు ఆకుకూరల్లో ఆ విటమిన్ దండిగా ఉంటుంది. ఆషాఢంలో మునగాకు తినాలన్న ఆచారం మన ఇళ్ళలో ఉంది కదా, పిన్ని ఆ నెల ఆకు కూరగానూ, పొడిగానూ, రసంగానూ మూడు పూటలా పట్టించింది. రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చూసే ఐ.ఎన్.ఆర్. పరీక్షలో అంకె 2 కంటే కిందికి వచ్చింది, అంటే బిళ్ళ సరిగా పనిచేయడం లేదని. ఎందుకు తగ్గిందో ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. బిళ్ళ మోతాదు పెంచారు. శ్రావణం రాగానే మునగాకు ఆగిపోయింది, పెంచిన బిళ్ళ మాత్రం అలాగే సాగింది. పళ్ళు తోముకుంటుంటే చిగుళ్ళ నుంచి రక్తం, చేతుల మీద దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు. ఎసిట్రోమ్ వాడేవారు ఆకుకూరలు మానెయ్యాలని కొందరు చెబుతారు, అది అవసరం లేదు. ఎంత తింటారో అంతే, వారం వారం ఒకే తీరులో తినాలి. పసుపు, అల్లం, వెల్లుల్లి కూరలో వేసుకోవచ్చు. క్యాప్సూళ్ళుగా, రసాలుగా తీసుకుంటే మాత్రం అవి రక్తస్రావాన్ని పెంచే వైపు మొగ్గుతాయి, ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ వాడేవారికి కూడా ఇదే వర్తిస్తుంది.

ఇప్పుడు ఉద్దానం గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ విషయం మిగతా రాష్ట్రానికి ఎంత ముఖ్యమో మా జిల్లాకు అంతకు రెట్టింపు ముఖ్యం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం మండలాల్లో దశాబ్దాలుగా మూత్రపిండాల జబ్బు ఇంటింటినీ తినేస్తోంది. కారణం ఇదీ అని సైన్సు ఇంకా ఒక్క దాన్ని తేల్చిచెప్పలేదు. నీరు, ఎండలో చెమటోడ్చే పని, నొప్పి మాత్రలు, ఇలా ఎన్నో అనుమానాలు పరిశోధనలో ఉన్నాయి. పలాసలో 200 పడకల ఆసుపత్రీ, కిడ్నీ పరిశోధన కేంద్రమూ 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. కారణం ఏదైనా, ఇప్పటికే దెబ్బతిన్న మూత్రపిండం మీద ఇంకో బరువు వేయకుండా ఉండటం మాత్రం మన చేతిలోనే ఉంది. మూత్రపిండాల పని తగ్గిందని చూపే క్రియాటినిన్ అంకె పెరిగిందని తెలిసిన మరుక్షణం మన జనం ఆకుమందుల కోసం పరుగెత్తడం నేను చూశాను, వారిని తప్పుపట్టలేను కూడా. డయాలసిస్ అంటే భయం, ఎవరో ఆశ చూపిస్తే పట్టుకోవాలనిపిస్తుంది. కానీ మూత్రపిండాల రోగి మిగతావారిలా ఏ ఆకునూ తేలికగా తీసుకోలేడు, ఎందుకంటే లోపలికి వెళ్ళినదాన్ని బయటికి పంపే దారే అతనికి సన్నబడింది.

అందరికంటే ముందు చెప్పవలసింది కొబ్బరినీళ్ళ గురించి. ఉద్దానం అంటేనే కొబ్బరితోట. జ్వరం వచ్చినా, వాంతులైనా, ఎండదెబ్బ తగిలినా బొండం కొట్టి ఇవ్వడం అక్కడి మర్యాద, ఆరోగ్యవంతుడికి అది మంచిదే. అయితే ఒక పెద్ద గ్లాసు కొబ్బరినీళ్ళలో సుమారు 600 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. దాన్ని బయటికి పంపలేని మూత్రపిండాలున్నవారు, దానికితోడు రక్తపోటుకు టెల్మిసార్టన్, ఎనలాప్రిల్ వంటివో, ఒంటినీరు తగ్గడానికి స్పైరనలాక్టోనో వాడుతున్నవారు రోజూ రెండు బొండాలు తాగితే, పొటాషియం గుండె లయను చెడగొట్టేంతగా పెరగవచ్చు. ఆ బిళ్ళలు కూడా పొటాషియాన్ని ఒంట్లో నిలిపి ఉంచే రకమే. ఆ ప్రమాదం రోగికి ముందుగా తెలియదు, కాళ్ళు బరువెక్కినట్టు ఉంటుంది, కొన్నిసార్లు అదీ ఉండదు. తోటలో కూర్చుని బొండం వద్దని చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు, అయినా చెప్పక తప్పదు.

రెండోది ఈశ్వరి వేరు, గాడిదగడపాకు. పాముకాటుకని ఒకటి, పురుగులకని, చర్మరోగాలకని మరొకటి మన పల్లెల్లో వాడతారు. రెండూ అరిస్టొలోకియా జాతి మొక్కలే, రెండింటిలోనూ అరిస్టొలోకిక్ ఆమ్లం ఉంటుంది. బ్రస్సెల్స్‌లో బరువు తగ్గడానికి ఒక క్లినిక్‌లో చైనా మూలికల బిళ్ళలు వాడిన ఆడవాళ్ళకు మూత్రపిండాలు చెడిపోయిన సంగతి 1993లో బయటపడింది. ఒక మూలిక బదులు పేరు దగ్గరగా ఉన్న ఇంకో మూలిక, అంటే అరిస్టొలోకియా, అందులో కలిసిపోయింది. వందమందికి పైగా నష్టపోయారు. తరవాత వారిలో పలువురికి మూత్రనాళాల క్యాన్సర్ కూడా వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ ఆమ్లాన్ని మనిషికి క్యాన్సర్ తెచ్చేవాటి మొదటి వర్గంలో చేర్చింది. ఉద్దానం జబ్బుకు ఇదే కారణమని నేను అనటం లేదు, అలా అనడానికి ఆధారం లేదు. మూత్రపిండాలకు కచ్చితంగా విషమని తెలిసిన మొక్క ఒకటి మన గట్ల మీదే పెరుగుతున్నప్పుడు, దాన్ని లోపలికి తీసుకోవద్దని గట్టిగా చెప్పాలంటున్నాను.

కీళ్ళనొప్పులకు సంతల్లో, బస్సుల్లో అమ్మే పేరులేని గుండలది ఇంకో కథ. రెండు రోజుల్లో నొప్పి మాయమైతే అది ఆకు మహిమ అనుకోవడానికి ముందు అనుమానించాలి. మూలికల పేరుతో అమ్మే నొప్పి మందుల్లో డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్లు, నొప్పి బిళ్ళల పొడి కలిసి ఉండటం దేశదేశాల ఔషధ నియంత్రణ సంస్థలు పదేపదే పట్టుకున్నాయి. అలాంటి గుండ మింగిన సుగర్ రోగికి చక్కెర అమాంతం పెరుగుతుంది. నెలల తరబడి మింగి ఒక్కసారి మానేస్తే ప్రాణాపాయం. భస్మాల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. అమెరికాలోని బోస్టన్ దుకాణాల్లో దొరికే 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షిస్తే 14 వాటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్ వంటి లోహాలు తేలాయని 2004లో ఒక అధ్యయనం ప్రకటించింది. లైసెన్సు నంబరూ, బ్యాచి నంబరూ, తయారీ తేదీ లేని సీసాను మూత్రపిండాల రోగి ఇంట్లోకే రానివ్వకూడదు.

పచ్చకామెర్లు వస్తే పసరు పోయించుకోవడం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎంతగా నాటుకుపోయిందో వేరే చెప్పనక్కరలేదు. నేలఉసిరి రసం తాగి, చప్పిడి పథ్యం చేసి, కొన్ని వారాల్లో తేరుకున్నవారు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. కలుషితమైన నీటివల్ల వచ్చే కామెర్లు చాలామందిలో వాటంతటవే తగ్గుతాయి, పేరు పసరుకు వస్తుంది. అంతవరకు నష్టం లేదు. నష్టం ఎక్కడంటే, క్షయ మందులు వాడుతున్నవారికి కామెర్లు వచ్చినప్పుడు. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ మూడూ కాలేయాన్ని దెబ్బతీయగలవు. కళ్ళు పచ్చబడగానే ఆ మాత్రలు ఆపి పరీక్ష చేసి, కాలేయం కోలుకున్నాక ఒక్కొక్కటిగా మళ్ళీ మొదలుపెట్టే పద్ధతి డాక్టర్లకు ఉంది. రోగి ఆసుపత్రికి రాకుండా పసరు పోయించుకుంటూ, మాత్రలు మానకూడదని ఆశా కార్యకర్త చెప్పిందని అవీ మింగుతూ ఉంటే, దెబ్బతింటున్న కాలేయానికి రెండు వైపులా పని పెట్టినట్టవుతుంది. తిప్పతీగ విషయంలోనూ జాగ్రత్త అవసరమని కరోనా కాలం నేర్పింది. దాన్ని వాడినవారిలో ఆరుగురికి కాలేయం దెబ్బతిన్న వైనాన్ని ముంబై వైద్యులు 2021లో ప్రకటించారు. ఆయుష్ మంత్రిత్వశాఖ ఆ నిర్ణయాన్ని తప్పుపట్టి, అదే పోలికలున్న ఇంకో తీగ కలిసి ఉండవచ్చునంది. మరుసటి ఏడు వేర్వేరు ఆసుపత్రుల నుంచి మరిన్ని కేసులు వచ్చాయి. ఈ వాదన ఎటు తేలినా, కాలేయం జబ్బు ఉన్నవారూ, రోగనిరోధకశక్తిని అణచే మందులు వాడేవారూ తిప్పతీగకు దూరంగా ఉండటమే నయం.

అతిమధురం గురించి రెండు మాటలు. గొంతు గరగరకు ఒక ముక్క చప్పరిస్తే ఏమీ కాదు. దాన్ని వారాల తరబడి నమిలితే ఒంట్లో ఉప్పూ నీరూ నిలిచి రక్తపోటు పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. లాసిక్స్, క్లోర్‌థాలిడోన్ వంటి నీటి బిళ్ళలు కూడా పొటాషియాన్ని తగ్గించేవే. రెండూ కలిసి, పైన గుండె మందు డిగాక్సిన్ కూడా ఉంటే గుండె లయ తప్పుతుంది. విరేచనం కోసం రోజూ సునాముఖి వాడేవారిదీ ఇదే ప్రమాదం.

మరి మనవాళ్ళు ఇవన్నీ డాక్టరుకు ఎందుకు చెప్పరు? నా అనుభవంలో ముఖ్యమైన కారణం భయం. ఓ.పి.లో ఒక్కో రోగికి దక్కేవి కొద్ది నిమిషాలు, అందులో ఆకుమందు ఊసెత్తగానే "అలాంటివి వాడితే నా దగ్గరికి రాకు" అన్న కసురు విని వచ్చినవారు ఎందరో నాకు తెలుసు. అలా కసిరినందువల్ల ఒక్కరు కూడా గుండ మానలేదు, అందరూ చెప్పడం మానేశారు. డాక్టర్లమీద ఉన్న గౌరవంతోనే ఈ మాట రాస్తున్నాను. గదిలోకి వచ్చిన ప్రతి రోగినీ, గుండలు, కషాయాలు, పసర్లు ఏవి వాడుతున్నావు అని పేరుపేరునా, మామూలు గొంతుతో అడగాలి. మందులు వాడుతున్నావా అంటే లేదనే చెబుతారు, నేరేడు గుండ వారి లెక్కలో మందు కాదు. అటువైపు, సుగర్ బిళ్ళలు ఆపేయ్, నా గుండ చాలు అని చెప్పే నాటు వైద్యుణ్ణి కూడా నేను సమర్థించను. మధుమేహం, రక్తపోటు, మూర్ఛ, పక్షవాతం వంటివి నయం చేస్తామని ప్రకటించుకోవడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. బి.ఎ.ఎమ్.ఎస్. చదివిన ఆయుర్వేద వైద్యులు వేరు. విషమూలికలు కలిసిన ఔషధం మీద వైద్య పర్యవేక్షణలో మాత్రమే వాడాలన్న హెచ్చరిక ఉండాలని చట్టం చెబుతుంది, ఆ హెచ్చరికకు అర్థం తెలిసినవారు వారు. మీ అల్లోపతి చీటీ వారికి చూపించండి, వారి చీటీ డాక్టరుకు చూపించండి.

రెండు గంటల తేడాతో వేసుకుంటే ఏ గొడవా ఉండదన్న సలహా చాలామంది ఇస్తారు. అది సగమే నిజం. థైరాయిడ్ బిళ్ళకు ఈ ఎడం నిజంగా పనిచేస్తుంది. థైరోనార్మ్, ఎల్ట్రాక్సిన్ వంటివి పరగడుపున నీళ్ళతో వేసుకుని, లోహభస్మం, ఇనుము, కాల్షియం కలిసినవి నాలుగు గంటల తరవాత తీసుకోవాలి. ఇసబ్‌గోల్ కూడా మందును పేగులో పట్టి ఉంచుతుంది కనుక ఎడం పాటించాలి. కానీ పిపెరిన్ లాంటివి ఎంజైములను మార్చినప్పుడు, కాకర, గ్లిమెపిరైడ్ రెండూ ఒకే చక్కెరను దించుతున్నప్పుడు, ఉదయం ఒకటి సాయంత్రం ఒకటి వేసుకున్నా ప్రయోజనం లేదు. అవి కలుసుకునేది కడుపులో కాదు, రక్తంలో.

కనుక ఇంట్లో పెద్దవారి మందుల సంచీలో ఒక కాగితం పెట్టండి. బిళ్ళల పేర్ల కిందనే గుండ పేరు, అందులో ఏమేం కలిపారు, ఎన్ని చెంచాలు, ఏ పూట, ఎప్పటినుంచి అని రాయండి. పేరు తెలియకపోతే డబ్బానే తీసుకెళ్ళండి. 104 బండి వచ్చినప్పుడు కూడా ఆ కాగితమే చూపించండి. ఒక్కసారిగా రెండు కొత్తవి మొదలుపెట్టవద్దు, ఏది మొదలుపెట్టినా మొదటి రెండు వారాలు చక్కెరో, రక్తపోటో, ఐ.ఎన్.ఆర్.రో మామూలుకంటే ఎక్కువసార్లు చూపించుకోండి. డాక్టరును అడగకుండా బిళ్ళ ఆపవద్దు. గుండ ఆపినా డాక్టరుకు చెప్పండి, ఎందుకంటే దాన్ని లెక్కలో పెట్టుకునే మోతాదు నిర్ణయించి ఉండవచ్చు. ఆపరేషను ఉంటే వెల్లుల్లి క్యాప్సూళ్ళు, అశ్వగంధ, అల్లం పసుపు క్యాప్సూళ్ళు వంటివి రెండు వారాల ముందే ఆపాలి, మత్తు ఇచ్చే డాక్టరుకు విడిగా చెప్పాలి. గర్భిణులకూ, పాలిచ్చే తల్లులకూ, పసిపిల్లలకూ పసర్లు పోయవద్దు.

ఏదైనా వాడాక దద్దుర్లు, కళ్ళు పచ్చబడటం, మూత్రం తగ్గడం, ముదురు రంగులో రావడం, రక్తం కారడం, చెమటలతో కళ్ళు తిరగడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. మిగిలిన గుండను, ఆకును పారేయకుండా వెంట తీసుకెళ్ళాలి. ఔషధాల దుష్ఫలితాలను నమోదుచేసే జాతీయ కార్యక్రమం 2010 నుంచి నడుస్తోంది, దాని ఉచిత ఫోను నంబరు 1800 180 3024. డాక్టర్లే చెయ్యాలని లేదు, రోగిగానీ వారి ఇంట్లోవారుగానీ ఫోను చేసి చెప్పవచ్చు. ఆకుమందు వాడామన్న సంగతి కూడా అందులో చెప్పవచ్చు, చెప్పాలి.